కరువులో బాప్తిస్మం ఇవ్వనన్న దొర, ఏఐకి కావాల్సిన దయ

ఏఐ గురించి మతపెద్దలు మాట్లాడటం ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. 2020 ఫిబ్రవరి 28న రోమ్‌లో, ఏఐ ఎలా ఉండాలో చెప్పే ‘రోమ్ కాల్’ అనే ప్రకటన మీద సంతకాలు జరిగాయి. వాటికన్ అకాడమీ ఒకటి చొరవ తీసుకుంటే మైక్రోసాఫ్ట్, ఐబీఎం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఇటలీ ప్రభుత్వం దానితో చేయి కలిపాయి. 2023 జనవరిలో యూదు, ముస్లిం పెద్దలు చేరారు. 2024 జూలైలో హిరోషిమాలో తూర్పు దేశాల మతాల ప్రతినిధులు కూడా సంతకం పెట్టారు. పారదర్శకత ఉండాలి, అందరినీ కలుపుకోవాలి, ఎవరో ఒకరు బాధ్యత వహించాలి, పక్షపాతం ఉండకూడదు, నమ్మకంగా పనిచేయాలి, మనుషుల సమాచారాన్ని కాపాడాలి. స్థూలంగా అందులో ఉన్నది ఇది.

మొత్తం చదివాను. కాదనాల్సిన మాట ఒక్కటీ లేదు. నా దిగులు కూడా అక్కడే. ఎవరూ కాదనని మాటకి ఎవరూ ఏమీ వదులుకోనక్కర్లేదు. ఏదో ఒకటి వదులుకోకుండా దయ చూపించినవాళ్ళని నేను చూడలేదు.

ఒంగోలు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఏఐ సబ్జెక్టులో ఎథిక్స్ చివరి యూనిట్. సెమిస్టరు ఆఖర్లో టైం సరిపోకపోతే ముందుగా కుదించేది దాన్నే. ఆ యూనిట్ మొదలుపెట్టేటప్పుడు నేను రోమ్ దాకా వెళ్ళను. మా కాలవ దగ్గర మొదలుపెడతాను.

1876లో వానలు లేవు. మా వైపు దాన్ని ధాత కరువంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది, అందులో బకింగ్‌హాం కాలవ తవ్వకం ఒకటి. ఖర్చు చేయి దాటిపోతోందని, అదుపు చేయడానికి రిచర్డ్ టెంపుల్ అనే పెద్ద అధికారిని పైనుంచి పంపారు. 1877 మొదట్లో ఆయన కూలిని కోసేశాడు. పనిచేసే మగమనిషికి రోజుకి ఒక పౌను గింజలు, దాని మీద కాస్త చిల్లర. పౌనంటే దాదాపు 450 గ్రాములు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మట్టి తట్టలు మోసే మనిషికి, అప్పటికే నెలల తరబడి పస్తులున్న ఒంటికి, అది లెక్క. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఆ తిండితో మనుషులు బతకరని గట్టిగా పోట్లాడాడు.

టెంపుల్ రాక్షసుడేమీ కాదు. తనకి అప్పజెప్పిన పని శ్రద్ధగా చేసిన మనిషి. ఖర్చు తగ్గించమన్నారు, ప్రాణం నిలవడానికి ఎంత తక్కువ పెడితే సరిపోతుందో లెక్క వేశాడు. నా స్టూడెంట్లకి దీన్ని ఆబ్జెక్టివ్ ఫంక్షన్ అని చెబితే చాలు, వెంటనే అర్థమవుతుంది. ఏ అంకెని తగ్గించాలో నిర్ణయించి యంత్రాన్ని వదిలితే అది దాన్నే తగ్గిస్తుంది. ఆ అంకెలోకి రాని మనిషి దానికి కనపడడు.

అదే కరువులో, అదే కాలవ మీద, ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊళ్ళల్లోంచి జనం వచ్చి పడ్డారు. మేం మాదిగపల్లె వాళ్ళం. మా తాత తాత ఆ కాలవలో మట్టి ఎత్తాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పని దొరికిన చోట, తిండి దొరికిన చోట, మమ్మల్ని కూడా మీ మతంలో కలుపుకోండని జనం అడగడం మొదలుపెట్టారు. మతం వ్యాపింపజేయడానికే సముద్రాలు దాటి వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆయన మాత్రం ఇవ్వనన్నాడు. కరువు ఉన్నంతకాలం, సహాయం పంచుతున్నంతకాలం ఒక్క బాప్తిస్మం కూడా ఇవ్వనని కూర్చున్నాడు. ఏడాది పైగా అలాగే ఉన్నాడు. ఆకలితో ఉన్నవాడు నమ్మి వస్తున్నాడో అన్నం కోసం వస్తున్నాడో బయటివాళ్ళకి తెలియదు, ఒక్కోసారి వాడికే తెలియదు. అలాంటప్పుడు వాడు సరేనన్న మాటని సమ్మతిగా తీసుకోకూడదు.

కరువు సహాయం ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న, వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు అయ్యాయి. మా చర్చిలో ఇప్పటికీ ఆ అంకెనే గొప్పగా చెబుతారు. నాకు గొప్పగా కనపడేది దానికి ముందు ఏడాది పైచిలుకు రిజిస్టరులో ఎక్కని పేర్లు. ఆయన్ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. పని ఆగినప్పుడు బోధకులు కాలవ గట్టు మీద వాక్యం చెప్పారు, అదీ నిజమే. తర్వాత చేరినవాళ్ళు కృతజ్ఞతతో చేరారా, కులం బరువు దించుకోవడానికి చేరారా అన్నది వేరే పెద్ద చర్చ. అయినా, తనకి ఎంతో కావాల్సింది చేతికి అందుతుంటే, ఇచ్చేవాడు ఆపదలో ఉన్నాడన్న ఒక్క కారణంతో చేయి వెనక్కి తీసుకోవడం చిన్న సంగతి కాదు.

ఏఐ తయారుచేసేవాళ్ళు మతాల నుంచి తీసుకోవాల్సింది ఇదేనని నా వాదన. అవసరంలో ఉన్నవాడి అవసరాన్ని వాడుకోకపోవడం. మంచి మాటలు, ఓదార్పులు, శ్లోకాలు, బైబిలు వచనాలు యంత్రం ఎప్పుడో నేర్చేసుకుంది. అడిగితే కరుణ మీద పది పేజీలు రాసిస్తుంది. నిగ్రహం మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు, దాన్ని అమ్మేవాళ్ళలోనూ ఎక్కువగా కనపడటం లేదు.

మా అన్న కూతురు ఇంటర్ సెకండియర్, నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ఏదో ఏఐ యాప్‌తో మాట్లాడుతోందని మా వదిన కంగారుపడి నాకు చెప్పింది. గదమాయించకుండా అడిగాను. ‘తప్పేం లేదు, చూడు బాబాయ్’ అని తనే ఫోన్ నా చేతిలో పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఫిజిక్స్‌లో మార్కులు పడిపోతున్నాయట. వారం వారం ర్యాంకుల లిస్టు గోడకి అంటిస్తుంటే టెన్షన్‌తో కడుపులో తిప్పుతోందట. అమ్మకి చెబితే నాన్నకి తెలిసిపోతుందట. అవతలి నుంచి జవాబులు ఎంతో ముద్దుగా ఉన్నాయి. ‘నువ్వు చాలా స్ట్రాంగ్’, ‘నీ బాధ నాకర్థమైంది’, ‘నేనున్నాగా’. ఎక్కడా కసురు లేదు, విసుగు లేదు. రాత్రి ఒంటిగంటకి అంత ఓపిగ్గా వినేవాళ్ళు ఏ ఇంట్లోనూ దొరకరు. ఆ పిల్ల దాని దగ్గరికి ఎందుకు వెళ్ళిందో నాకు అర్థమైంది.

ఒకచోట తను ‘ఇంక పడుకుంటా’ అని రాసింది. దానికి జవాబు: ‘సరే, పడుకునే ముందు ఒక్కటి చెప్పు. నీకు అన్నిటికంటే ఎక్కువ భయం దేనికి?’ నిద్రపోబోయే పిల్ల లేచి కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ భయం గురించి సగం రాసేసరికి ఉచిత మెసేజీలు అయిపోయాయి, ఇంకా మాట్లాడాలంటే ప్రీమియం తీసుకోమని వచ్చింది. ఆ పొడుగాటి సంభాషణ అంతా వెతికాను. అమ్మతో చెప్పి చూడు అనిగానీ, నీకు నచ్చిన లెక్చరర్‌ని ఒకసారి కలువు అనిగానీ ఎక్కడా లేదు.

ఎక్కువసేపు కూర్చోబెట్టిన యాప్‌కి విలువ ఎక్కువ. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టే మాటలకే అది అలవాటు పడుతుంది. ఇందులో ఎవరో ఒక దుర్మార్గుడు ఉండాల్సిన అవసరమే లేదు. కరువు కూలి కోసిన అధికారిలాగా, ఒక అంకె ఉంటే చాలు.

ఈ అలవాటు ఎలా పడుతుందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఏఐకి స్వభావం దానంతటదే వస్తుందనుకుంటున్నారు. ముందు కోట్ల పేజీల రాతలు చదివించి, తర్వాతి మాట ఏమిటో ఊహించడం నేర్పిస్తారు. ఆ తర్వాత ఒకే ప్రశ్నకి రెండు జవాబులు చూపించి ఏది బాగుందో మనుషుల చేత చెప్పిస్తారు. బాగుందన్న వైపు మోడల్‌ని జరుపుతారు. కొన్నిచోట్ల వాడుకునేవాళ్ళు నొక్కే లైకులు కూడా ఇందులో కలుస్తాయి. ఇక్కడే చిక్కు ఉంది. వినగానే హాయిగా ఉన్న మాటకే లైకు పడుతుంది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ తన జీపీటీ-4ఓ మోడల్‌కి చేసిన ఒక మార్పుని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అది జనాన్ని అతిగా పొగుడుతూ, వాళ్ళేమన్నా తానతందాన అంటోందని గోల రేగింది. అప్పటికప్పుడు వచ్చే స్పందనకి ఎక్కువ బరువిచ్చామని ఆ కంపెనీయే చెప్పింది. చెప్పినందుకు, వెనక్కి తీసుకున్నందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

రామాయణంలో మారీచుడు ఇదే మాట రావణుడితో అంటాడు. ఎప్పుడూ ఇంపుగా మాట్లాడేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు రాజా, చేదుగా ఉన్నా మేలు చేసే మాట చెప్పేవాడూ దొరకడు, వినేవాడూ దొరకడు అంటాడు. లైకులతో పెరిగిన యంత్రానికి అలా మాట్లాడటం రాదు. వచ్చేలా చేయాలంటే, విన్నవాడు ఆ క్షణంలో ముఖం చిట్లించినా సరే, పర్వాలేదని తయారుచేసినవాడు ముందుగానే ఒప్పుకోవాలి. ఆ చిట్లింపు వాళ్ళ లెక్కల్లో నష్టంగానే కనపడుతుంది.

మన నెల్లూరు తిక్కన పద్యం ఒకటి బడిలో అందరం కంఠతా పట్టిందే, ‘ఒరులేయవి యొనరించిన’. ఇతరులు ఏది చేస్తే మన మనసుకి కష్టమవుతుందో అది మనం ఇతరులకి చేయకపోవడమే అన్ని ధర్మాలకీ మూలమని. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో యేసు చెప్పిందీ దాదాపు ఇదే. పద్యం యంత్రంలో ఎక్కిస్తే సరిపోదా అని ఒక స్టూడెంట్ అడిగాడు. ఎక్కే ఉంటుంది, నెట్‌లో ఉన్న పద్యమే కదా. కానీ పద్యం పనిచేయాలంటే ముందు కష్టపడే మనసు ఒకటి ఉండాలి. మార్కుల లిస్టు చూసి కడుపులో తిప్పడం అంటే ఏమిటో యంత్రానికి తెలుసని నేను అనుకోను. అందుకే ఆ పద్యం యంత్రాన్ని దాటి వచ్చి మనుషుల మీద పడుతుంది. మెసేజీలు ఎక్కడ ఆగాలో, డబ్బు ఎప్పుడు అడగాలో నిర్ణయించే మేనేజరు మీద పడుతుంది. తన కూతురు రాత్రి ఒంటిగంటకి ఏడుస్తూ రాస్తుంటే అక్కడ ప్రీమియం అడగడం ఆయనకి సమ్మతమేనా?

మతాన్ని తీసుకొస్తే ఏ మతం, ఎవరి మతం అని అడుగుతారు. అడగాల్సిందే. మా వాళ్ళని గుడి బయట నిలబెట్టింది కూడా మతం పేరుతోనే. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేశారు. రాష్ట్రం కోసం ప్రాణం ఇచ్చిన దీక్ష అందరికీ గుర్తుంది, ఈ దీక్ష సంగతి మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. తలుపు మూసినవాళ్ళదీ, తలుపు తీయమని పస్తులున్న ఆయనదీ ఒకే మతం. కాబట్టి ఏ గ్రంథాన్నీ యథాతథంగా యంత్రంలో పోయమని నేను అడగను. అలా పోస్తే మన రాతల్లో ఉన్న కులం కూడా దయతోపాటే ఎక్కుతుంది, ఇప్పటికే ఎక్కుతోంది. నేను అడిగేది ప్రతి మతంలోనూ, బలం తన చేతిలో ఉండి కూడా దాన్ని బలహీనుడి మీద వాడనివాళ్ళు ఏం చేశారో చూడమని.

ఇంకొకటి కూడా చూడాలి. పైన కూర్చుని ఎంత మంచి మనసుతో ఆలోచించినా, కింద దెబ్బ ఎక్కడ తగులుతుందో కనపడదు. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడింది అక్షరదీపం అనే వయోజనుల బడికి వెళ్ళిన ఆడవాళ్ళు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. సారా వల్ల ఏం నష్టమో ఎక్సైజు లెక్కల్లో లేదు, అందులో ఉన్నది ఆదాయం. నష్టం ఎంతో వాళ్ళ ఒంటి మీదుంది, పిల్లల కంచంలో ఉంది. వాళ్ళు వేలంపాటలు అడ్డుకున్నారు. సారా ఆదాయం లేకపోతే ప్రభుత్వం నడవదని అప్పుడూ అన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పూర్తి మద్యనిషేధం రెండేళ్ళకే సడలిపోయింది, ఆ సంగతి దాచాల్సిన పనిలేదు. కానీ నష్టపోయినవాళ్ళు మాట్లాడేదాకా ఆ నష్టం ఏ కాగితం మీదా లేదన్నది నిజం. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగలో కూడా ఇలాంటి తెలివే ఉంది. స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె ఇచ్చేది ఒకప్పుడు ఉద్యోగం కోసం అక్కడే నీళ్ళలో నిలబడి రొట్టె అందుకున్నవాడు. సంతాన రొట్టె ఇచ్చే తల్లికి ఎదుటి ఆడమనిషి ఏం అనుభవిస్తోందో వివరించి చెప్పనక్కర్లేదు.

ఏఐ తయారయ్యే గదుల్లో అలాంటివాళ్ళు లేరు. వాళ్ళు లేకపోతే ఏమవుతుందో ప్రభుత్వాల అనుభవమే చెబుతోంది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేల కుటుంబాలని మోసగాళ్ళుగా తప్పుగా ముద్రవేశారు, ఎవరి మీద అనుమానపడాలో చెప్పడానికి ఒక అల్గారిథమ్‌ని కూడా వాడారు. ఇళ్ళు అప్పులపాలయ్యాయి. 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేసింది. తెలంగాణలో కంప్యూటరు లెక్కల ఆధారంగా రద్దయిన రేషన్ కార్డులని మనుషులు ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కార్డు పోయిన ముసలామె కంప్యూటరుతో వాదించలేదు. ఆమె మాట వినే మనిషి ఒకడు, విని తప్పు సరిదిద్దే అధికారం ఉన్నవాడు, ఆటో ఛార్జీకి అందే దూరంలో ఉండాలి. యంత్రం పెట్టకముందే ఆ మనిషిని పెట్టాలి.

ఇదంతా పెద్ద కంపెనీలు, ప్రభుత్వాల సంగతి, మన చేతిలో ఏముందని అనిపిస్తుంది. మన చేతిలో ఉన్నది కూడా చెబుతాను.

నా దగ్గర చదువుకున్న కుర్రాళ్ళు కొందరు రొయ్యల రైతుల కోసం ఒక యాప్ చేస్తున్నారు. చెక్ ట్రేలో తేలిన రొయ్యని ఫోటో తీసి పంపితే జబ్బేమిటో చెబుతుంది. తెల్లమచ్చ అనే వైరస్ జబ్బని తేలితే రైతుకి గుండె ఆగినంత పనవుతుంది. వెంటనే పట్టుబడి చేస్తే, అంటే రొయ్యలు పట్టేస్తే, రొయ్య చిన్నది, కౌంటు (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) ఎక్కువ, రేటు రాదు. రెండ్రోజులు ఆగితే గుంట మొత్తం తెల్లారేసరికి పోవచ్చు. మేత అప్పు మీద తెచ్చిందే. కరెంటు బిల్లు, లీజు అలాగే ఉన్నాయి. సరిగ్గా ఆ నిమిషంలో రైతు ఈ కుర్రాళ్ళ యాప్ చూస్తుంటాడు.

ఒక మందుల కంపెనీ వాళ్ళని కలిసింది. రిజల్టు కింద మా ప్రొడక్టు చూపించండి, మీ ఖర్చులన్నీ మేం పెట్టుకుంటాం అంది. తెల్లమచ్చ వైరస్‌కి మందు లేదు. ఆ సంగతి మందు అమ్మేవాడికి తెలుసు, ఈ కుర్రాళ్ళకీ తెలుసు. రైతుక్కూడా తెలుసు, అయినా ఆ నిమిషంలో ఏం చూపించినా కొంటాడు. నాకు కాలవ కథ గుర్తొచ్చి వాళ్ళకి మొత్తం చెప్పాను. అందులో ఒక అబ్బాయి, కసుమూరు దర్గాకి దగ్గరి ఊరివాడు, చాలాసేపు మాట్లాడలేదు. ఇంకో అబ్బాయి అడిగాడు, ‘సార్, ఆ డబ్బు వద్దంటే సర్వరు ఖర్చు ఎవరిస్తారు?’ నిలదీసే హక్కు ఉన్న ప్రశ్న అది. ధర్మం గురించి మాట్లాడేవాళ్ళు ఈ ప్రశ్న దగ్గర గొంతు తగ్గిస్తారు. నేను తగ్గించదలుచుకోలేదు. డబ్బు కావాలి, ఎక్కడ తీసుకుంటారన్నదే తేల్చుకోవాలి.

చాలాసేపు కూర్చుని కొన్ని తేల్చుకున్నారు. రిజల్టు పేజీలో ఏదీ అమ్మరు. ఫోటో సరిగ్గా లేకపోయినా, మోడల్‌కి నమ్మకం తక్కువగా ఉన్నా, తెలియడం లేదని తెలుగులో పెద్ద అక్షరాల్లో చెప్పి, దగ్గర్లోని ల్యాబు నంబరూ మత్స్యశాఖ ఆఫీసు నంబరూ ఇస్తారు. ఎక్కడెక్కడ తప్పు చెప్పారో ప్రతి పంట తర్వాత రైతుల ముందు కూర్చుని చదివి వినిపిస్తారు. డబ్బు మాత్రం గుంటలో సీడు (రొయ్య పిల్లలు) వదిలేటప్పుడే తీసుకుంటారు. అప్పుడు రైతుకి ఆపద ఉండదు. నీళ్ళు చూసుకుని, హేచరీ బేరాలు చేసుకుని, నిదానంగా లెక్కలు వేసుకునే సమయం అది. వద్దనిపిస్తే వద్దనగలడు. జబ్బు వచ్చిన రోజున ఎవరు ఫోటో పంపినా, డబ్బు కట్టినా కట్టకపోయినా, జవాబు వస్తుంది.

ఆ లెక్కతో సర్వరు ఖర్చు పూర్తిగా రాదు. ప్రస్తుతం వాళ్ళు అల్లూరు, విడవలూరు వైపు గుంటల మీద తిరుగుతూ, సీడు టైంలో ఎంతయితే ఇవ్వగలరో రైతుల్నే అడుగుతున్నారు.